మనిషంత లోపం

సైరన్ ఆగకుండా మోగుతోంది. రాజరత్నం మళ్లీ మొదటినుంచి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

కాకినాడ శివార్లలో, సముద్రపు గాలికి ఇనుమన్నది బతికి బట్టకట్టని చోట ఉంది నీలవేణి కెమికల్స్. గేటు పక్క ఖాళీ స్థలంలో, ప్రమాదం జరిగితే అందరూ వచ్చి చేరాలని రాసిన పచ్చబోర్డు కింద, ఆ షిఫ్టు జనమంతా వరసలు కట్టి నిలబడ్డారు. మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి కాబట్టి లెక్కపెట్టే పని రాజరత్నానిది. వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. ఎన్నిసార్లు పెట్టినా ఒక మనిషి తగ్గుతున్నాడు.

"ఆయనకి కుడిచేతి చిటికెనవేలు సగమే కదండీ. అక్కడే తేడా వస్తుందేమో," అని వెనక వరసలో ఎవరో గొణిగారు. ఆ మిగతా సగాన్ని ఏనాడో ఒక పంపు మింగేసింది. మామూలు రోజైతే ఈ మాటకి నలుగురూ నవ్వేవారు.

"బుల్లిరాజు ఏడి?" అన్నాడు రాజరత్నం.

అందరి చూపులూ యార్డు చివరికి పోయాయి. అక్కడ లేత ఆకుపచ్చ రంగులో, రెండంతస్తుల మేడంత ఎత్తున, రెండో నంబరు ట్యాంకు నిలబడి ఉంది. నిండా యాసిడ్.

"యాసిడ్‌లో పడితే మనిషి ఎంతసేపుంటాడండీ?" అని ఒకడు మెల్లగా అడిగాడు.

"నీళ్లలో పడినవాడి గురించి ఎంతసేపుంటాడని అడుగుతారు. యాసిడ్‌లో పడితే ఎంత మిగుల్తాడని అడగాలి," అన్నాడు పక్కవాడు.

ఆ ఉదయం బుల్లిరాజుతో చివరగా మాట్లాడింది రాజరత్నమే. ఆ చివరి మాట ఏమిటో గుర్తొచ్చి, మడిచిన వేళ్లు విప్పేశాడు.

నిజానికి ఆ రోజుకి అతను వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రెండో నంబరు ట్యాంకు పరీక్షలో పాస్ కావాలి. అంతే.

ఆ ట్యాంకు ఫైబర్‌ది. గాజుపీచు పొరల్ని బంకతో తడిపి, ఒకదానిమీద ఒకటి అంటించి, గోడలా గట్టిపరిచి చేస్తారు. ఇనప ట్యాంకే కొందామని యాజమాన్యం అన్నప్పుడు, ఈ గాలికి ఇనుము ఆగదండీ, ఫైబర్‌దే కొనండి, పూచీ నాది అని పట్టుబట్టింది రాజరత్నమే. ఇప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు, గోడ లోపల పొరలు విడిపోలేదని పరీక్ష చేయించి చూపిస్తేనే పాలసీ అన్నారు. మేనేజరు సత్యప్రసాద్ అతన్ని పిలిచి మెత్తగానే చెప్పాడు. "ట్యాంకు ఫెయిలైతే నేనేం చెయ్యలేనండీ రాజరత్నం గారూ. పూచీ మీదన్నారు. ట్యాంకుతో పాటు మీరూ వెళ్లాల్సిందే."

వెళ్లడం గురించి రాజరత్నానికి బెంగ లేదు. కంపెనీ కార్డు గురించి ఉంది. అతని భార్య ప్రసన్నకుమారికి రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్ మిషను పక్కన పడుకుంటుంది. ఆ మిషను తిరిగేది కంపెనీ కార్డు మీద. ఉద్యోగం పోయిన మర్నాడు ఆ కార్డు వట్టి ప్లాస్టిక్కు ముక్క.

అందుకే ఆ ఉదయం పెందలాడే వచ్చాడు. యార్డులోకి అడుగు పెట్టగానే ట్యాంకు నిచ్చెన మీద ఆరేసిన గళ్ల లుంగీ కనిపించింది. దాని కింద హెల్పరు బుల్లిరాజు తీరిగ్గా పళ్లు తోముకుంటున్నాడు.

"ఒరేయ్! ఇదేమన్నా మీ పెరడనుకున్నావేంట్రా?" అని ఆ లుంగీ లాగి నిచ్చెన మొదట్లోకి విసిరికొట్టాడు రాజరత్నం. "ఇంకాసేపట్లో రాజమండ్రి నించి మేడమ్ వస్తారు. ఇవాళంతా నీ మొహం నాకు కనిపించకూడదు! కనిపించిందంటే ఊరుకోను, పో!"

"ఆయ్, అలాగేనండి," అన్నాడు బుల్లిరాజు నోటి నిండా నురగతో. వెళ్లిపోయాడు.

మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. పేరు ఆశాజ్యోతి. సన్నగా ఉంటుంది, మాట సూటిగా ఉంటుంది. ఆమె చేతిలో ఉన్నది వేడిని చూసే కెమెరా. గోడమీద ఎక్కడ ఎంత వేడి ఉందో దాని తెరమీద రంగుల్లో పడుతుంది. లోపల పొరలు విడిపోయిన చోట గాలి చేరుతుంది కాబట్టి వేడి సాఫీగా దాటదు, ఆ చోటు వేరే రంగులో బయటపడిపోతుంది.

"పూతరేకులున్నాయి చూడండి, రేకుకీ రేకుకీ మధ్య ఖాళీ ఉంటుంది," అని కాఫీ తాగుతూ వివరించింది. "స్వీటులో ఉంటే బావుంటుంది. ట్యాంకు గోడలో ఉంటే మాత్రం యాసిడ్ రోడ్డుమీదుంటుంది."

రోడ్డు అవతల జాలరిపేట ఉంది. "మీరు కెమెరా సర్దుకుని నిదానంగా రండమ్మా. నేను ముందెళ్లి యార్డు తాళం తీస్తాను," అని రాజరత్నం లేచాడు.

తాళం తీశాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాడు. రాజరత్నం చర్చిలో సంఘపెద్ద. జబ్బుతో ఉన్నవాళ్ల కోసం పెద్దలు ఎలా ప్రార్థన చేస్తారో, ఆ ట్యాంకు కోసం అచ్చంగా అలాగే చేశాడు. కళ్లు మూసుకుని, భార్యని తలుచుకుని, "ప్రభువా, ఇందులో ఏ లోపమూ లేకుండా చెయ్యి తండ్రీ," అని చాలాసేపు వేడుకున్నాడు. బూట్ల చప్పుడు వినిపించి కళ్లు తుడుచుకున్నాడు. ఆశాజ్యోతి చేతిలో వాకీటాకీ పెట్టి, "ఏది కనబడితే అది ఇందులో చెప్పండమ్మా. నేను మాత్రం చూళ్లేను," అని కంట్రోల్ రూములోకి వెళ్లిపోయాడు. సొంతవాళ్లని ఆపరేషన్ థియేటర్లోకి పంపినవాళ్లు తలుపు దగ్గర నిలబడినట్టు, వాకీటాకీ ముందు నిలబడ్డాడు. పక్కన సత్యప్రసాద్.

కాసేపు గరగర తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"...రెండో ట్యాంకులో... మనిషం... లోప... వినబడుతోందాండీ... మనిష... లోప..."

రాజరత్నం వాకీటాకీ మీదికి వంగాడు. "ఏంటమ్మా? మనిషా? లోపలా?"

"అవునండీ, అవునండీ!" అంది వాకీటాకీ.

సైరన్ బటన్ మీద ఎర్ర మూత ఉంటుంది. రాజరత్నం ఆ మూత తీయలేదు, పగలగొట్టాడు.

ఇద్దరూ యార్డులోకి పరిగెత్తారు. ఆశాజ్యోతి కెమెరాని స్టాండు మీద పెట్టి, తెరని కళ్లార్పకుండా చూస్తోంది. రాజరత్నం ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. ట్యాంకు గోడంతా చల్లని నీలం. ఆ నీలం మధ్యలో నారింజ రంగులో ఒక మనిషి. తల, ఛాతీ, పైకెత్తిన రెండు చేతులు. లోపల్నించి గోడకి అరచేతులు ఆనించి, తియ్యండి, తియ్యండి అని బాదుతున్నట్టు.

ట్యాంకు వైపు చూస్తే వట్టి గోడ. తెరలో చూస్తే మనిషి.

సైరన్ సరిగ్గా నెత్తిమీద మోగుతోంది. ఆశాజ్యోతి వాళ్ల మొహాల్లోకి చూస్తూ గొంతు చించుకుని అరిచింది. "పైన! పైనే ఉందండీ!"

సత్యప్రసాద్ ట్యాంకు పైకి చూశాడు. నిచ్చెన చూశాడు. "పైనుంచే పడ్డాడు!" అని అతనూ అరిచాడు.

"కాదండీ! చూడండి, చెరిగిపోతోంది!"

నిజమే. తెరమీద ముందు భుజాలు మసకబారాయి. తర్వాత తల. నారింజ రంగు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది, ఒక్కొక్క వేలే నీలంలో కలిసిపోయింది.

"కరిగిపోతున్నాడు!" అన్నాడు సత్యప్రసాద్, రెండు చేతులతో తల పట్టుకుని. "రాజరత్నం గారూ, మన కళ్లముందే కరిగిపోతున్నాడు!"

అదే సమయానికి సెక్యూరిటీవాళ్లు వచ్చి, బయటివాళ్లు లోపల ఉండకూడదంటూ ఆశాజ్యోతిని రెక్క పుచ్చుకుని గేటు దాకా లాక్కుపోయారు. దారి పొడవునా ఆమె ఏదో అరుస్తూనే ఉంది. సైరన్‌లో ఆ అరుపు కూడా ఏడుపులాగే వినిపించింది.

అలా మొదలైంది తలల లెక్క. అలా తగ్గాడు బుల్లిరాజు. ఫోను చేస్తే స్విచాఫ్.

చిట్టెమ్మ క్యాంటీన్లో వంట చేస్తుంది. బుల్లిరాజు భార్య. పప్పు గరిటె చేతిలో ఉండగానే కబురు అందింది. గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనకే ఎవరో నిచ్చెన మొదట్లో దొరికిందంటూ గళ్ల లుంగీ తెచ్చారు. దాన్ని చూడగానే గుండెలు బాదుకుంది.

"లుంగీ విప్పి పెట్టి మరీ దూకేశావా రాజా! పొద్దున నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను కదా రాజా! ఆ మాటలు మనసులో పెట్టుకున్నావా!"

ఆ లుంగీ అక్కడికి ఎలా వచ్చిందో ఆ జనంలో తెలిసినవాడు ఒక్కడే. చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ లుంగీ సంగతి చెబితే తిట్టిన సంగతి చెప్పాలి. తిట్టిన సంగతి చెబితే మొహం కనిపించకూడదన్న సంగతి చెప్పాలి. రాజరత్నం నోరు మూసుకున్నాడు. దానికి బదులు చిట్టెమ్మ ముందు నిలబడి, చెయ్యెత్తి, అందరికీ వినబడేలా ఒక మాటన్నాడు.

"అమ్మా, దీనికంతటికీ కారణమైనవాడు ఎవడైనా సరే, ఎంత పెద్దవాడైనా సరే, నేను వదలను. వాడి పేరు ఇదే ఫ్యాక్టరీలో, ఇంతమంది ముందూ, నా నోటితో చెప్తాను."

"మాట తప్పకండి బాబూ," అంది చిట్టెమ్మ వెక్కుతూ.

ఎస్సై రమేష్ బాబు జీపు దిగాడు. తొందర తెలియని మనిషి. అందరి మాటలూ విన్నాడు. కెమెరా సాక్ష్యం కాబట్టి దాన్ని ఒక సంచిలో పెట్టించి, సీలు వేయించి, జీపులో తన సీటు కింద పెట్టుకున్నాడు.

"సార్, ఒక్కసారి ఆ ఫొటో చూడనివ్వండి," అని ఆశాజ్యోతి బతిమాలింది. "ఆ మచ్చ గోడ పైపొర మీదే ఉన్నట్టుంది. లోపల ఉన్నదైతే వేళ్లు అంత స్పష్టంగా కనబడవండీ."

"వేళ్లు కూడా కనబడ్డాయా?" అన్నాడు ఎస్సై. కానిస్టేబులు వైపు తిరిగి, "రాయవయ్యా. వేళ్లు సైతం కనబడినవి," అన్నాడు.

"అది కాదండీ, లోపమైతే చెరిగిపోదు. నేను చెప్పింది మనిషంత లోపం ఉందని..."

"మనిషి లోపల ఉన్నాడని మీరే చెప్పారటమ్మా. ఇద్దరు సాక్షులున్నారు. ఇప్పుడు భయపడి మాట మార్చకండి." ఆమెని అక్కడే ఒక కుర్చీలో కూర్చోబెట్టి, రాజరత్నాన్ని పిలిచాడు. "మీరు ఇవాళ పొద్దున మృతుణ్ని తిట్టారట?"

క్యాంటీను వాళ్లెవరో విన్నారన్నమాట. "తిట్టలేదండీ. నీ మొహం నాకు కనిపించకూడదన్నానంతే," అన్నాడు రాజరత్నం.

"కనిపించడం లేదుగా మరి," అన్నాడు ఎస్సై.

ఆ మాట మామూలుగానే అన్నాడు. కానీ చుట్టూ ఉన్న జనం ఒక అడుగు వెనక్కి జరగడం రాజరత్నానికి తెలిసింది. ఇంతలో జేబులో ఫోను మోగింది. ప్రసన్నకుమారి. డయాలసిస్ బెడ్డు మీంచి.

"ఏవండీ, మీ ఫ్యాక్టరీలో ఎవరో యాసిడ్‌లో పడ్డారంట కదా. పక్క బెడ్డావిడ ఫోన్లో చూపించింది. మీరేమోనని ప్రాణం పోయిందండీ నాకు."

"నేను కాదు ప్రసన్నా. బాగానే ఉన్నాను."

"పోన్లెండి, దేవుడున్నాడు. మరి ట్యాంకు పాసైందా?"

రాజరత్నం ఫోను పెట్టేశాడు. గేటు బయట జాలరిపేట జనం పోగయ్యారు. గోడమీద ఫోన్లు లేచాయి. శవం బయటికి రాకుండా ఎవరూ కదిలేది లేదని కేకలు. శవం కావాలి. ఇప్పుడు రాజరత్నానికి కూడా అదొక్కటే కావాలి. ఆ ఇల్లాలికి పూడ్చుకోవడానికి కనీసం ఏదో ఒకటి.

షిఫ్టు జనమంతా అతని వెంట యార్డులోకి వచ్చారు, కుర్చీతో సహా ఆశాజ్యోతి కూడా. మాస్కు తగిలించుకుని తనే పంపు దగ్గర నిలబడ్డాడు. యాసిడ్ మొత్తాన్నీ, ఖాళీగా ఉన్న ఒకటో నంబరు ట్యాంకులోకి తోడించాడు. సున్నపు నీళ్లు పెట్టి కడిగించాడు. పైనుంచి టార్చి వేసి చూస్తే పొగమంచులాంటి ఆవిరి, అడుగున ఏదో నల్లటి ముద్ద. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. ట్యాంకు అడుగున మనిషి దూరే మూత ఒకటుంది. దాని బోల్టులు యాసిడ్ ఆవిరికి తుప్పుపట్టి ఒకే కడ్డీలా అతుక్కుపోయాయి. సుత్తితో కొట్టినా కదల్లేదు.

"గోడ కొయ్యాలి," అన్నాడు సత్యప్రసాద్. కోసే మిషను తీసుకోమంటే ఎవరూ ముందుకు రాలేదు. ఆ గోడ వెనక ఏముందో ముందుగా చూడటం ఎవరికీ ఇష్టం లేదు.

రాజరత్నం తీసుకున్నాడు. కుర్చీలోంచి ఆశాజ్యోతి లేచి నిలబడింది. "రాజరత్నం గారూ, వద్దండీ! లోపల ఎవరూ లేరు! ఒక్కసారి ఫొటో చూపిస్తే..."

"ఆ తల్లికి ఏదో ఒకటి చూపించాలి కదమ్మా," అన్నాడు రాజరత్నం.

మిషను కీచుమంది. తను పూచీపడి కొనిపించిన గోడ, వానాకాలం ముందు రంగులు వేయించిన గోడ, ఆ ఉదయం ప్రార్థన చేసిన గోడ. తలుపంత ముక్క కోసేసరికి ఒళ్లంతా తెల్లటి గాజుపొడి పట్టింది. ముక్క ధబ్బుమని బయటికి పడింది. కొక్కెం ఉన్న కడ్డీ లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని, నల్లటి ముద్దని పట్టి లాగాడు.

పాత రబ్బరు షీటు. చుట్టుకుపోయి ఉంది. ఎప్పుడో రిపేరులో లోపల వదిలేసింది.

ఇంకేమీ లేదు. ఒక బొత్తాం లేదు, చెప్పు లేదు, ఎముక లేదు.

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. వచ్చింది కూడా, కానీ ఇంకో రకంగా వచ్చింది.

"పూర్తిగా కరిగిపోయాడు," అన్నాడు సత్యప్రసాద్. హెల్మెట్ తీశాడు. యార్డులో ఒక్కొక్కటే హెల్మెట్లన్నీ దిగాయి. ఎస్సై టోపీ తీశాడు. ఎవరో సైరన్ ఆపేశారు. బుల్లిరాజు ఆత్మశాంతి కోసం అందరూ తల వంచి మౌనంగా నిలబడ్డారు.

ఆ మౌనంలో, వెనక వరసలో, మొహానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒకడు కూడా తల వంచాడు. కాసేపు ఊరుకుని పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు.

"ఎవరండీ పోయింది?"

"బుల్లిరాజు."

"అయ్యయ్యో. ఏ బుల్లిరాజండీ?"

"మన చిట్టెమ్మ మొగుడు."

తువ్వాలు మనిషి కొంచెంసేపు ఆలోచించాడు. "మరి ఇంట్లోవాళ్లకి చెప్పారాండీ? నాకెవరూ చెప్పలేదేంటి?" అన్నాడు.

ఆ గొంతు చిట్టెమ్మ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. తలెత్తింది. జనాన్ని చీల్చుకుంటూ వెళ్లి తువ్వాలు లాగేసింది. ఆమె చేతిలో పప్పు గరిటె ఇంకా అలాగే ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది.

"నీ మొహం మండా! చచ్చిపోయావంటే పొద్దుణ్ణించీ ఏడుస్తున్నాను కదరా!"

"ఆగవే! ఓలమ్మో! పిఠాపురం వెళ్లొచ్చానే! బావమరిది చెవిపోటని పంతులుగారి దగ్గర తాయెత్తు... అయ్యగారండీ, మీరే చెప్పండి! ఇవాళంతా మొహం కనిపించకూడదన్నారు కదండీ! అందుకే ఫోను కూడా ఆపేసుకున్నానండి. తువ్వాలు కూడా అందుకే కట్టుకున్నానండి. భోజనం మానమన్లేదు కదండీ, ఆకలేసి వచ్చానండి!"

రాజరత్నం పరిగెత్తుకెళ్లి ఆ బుల్లిరాజుని గట్టిగా కౌగిలించుకున్నాడు. పొద్దున ఎవరి మొహం చూడనన్నాడో ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసుకున్నాడు. ఎవరూ చావలేదు. తన మాటకి ఎవరూ చావలేదు. ఎస్సై కూడా చేతిలోని కాగితాల మీద అడ్డంగా గీత గీసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. గోడమీది జనం నిరాశగా ఫోన్లు దించారు. రాజరత్నం మనసు దూదిపింజైపోయింది.

అదెంతోసేపు నిలవలేదు.

"బాగుంది," అన్నాడు సత్యప్రసాద్. అతను కోసిన గోడ వైపు చూస్తున్నాడు. గొంతు మారిపోయింది. "మరి నేను నా రెండు కళ్లతో చూసిన మనిషి ఎవడు?"

ఎస్సై మళ్లీ పెన్ను బయటికి తీశాడు. "అమ్మా," అన్నాడు ఆశాజ్యోతితో, "ఆ ఫొటో ఏదో చూస్తానన్నారు కదా. చూడండి."

సీలు విప్పారు. కెమెరా ఆమె చేతికొచ్చింది. పొద్దుణ్ణించీ అడుగుతున్న వస్తువు చేతిలో పడ్డాక ఆమె తొందరపడలేదు. ముందు నేలమీద పడి ఉన్న గోడముక్క పక్కన గొంతుక్కూర్చుని, కోసిన అంచుని వేలితో తడిమింది. నాణెంతో అక్కడక్కడా తట్టి విన్నది.

"ఎక్కడా పొర లేవలేదండీ. ఇంత గట్టిగా అతుక్కున్న గోడ నేను చూళ్లేదు," అంది. "ఇంకో పదేళ్లు ఢోకా లేదు. ఉండేది కాదు."

"అంటే ట్యాంకు పాసేనా?" అన్నాడు రాజరత్నం ఆశగా.

"పాసేనండీ," అంది ఆశాజ్యోతి. ఆ మాట అంటూ తలుపంత కంత వైపు చూడకుండా ఉండటానికి కష్టపడింది.

తర్వాత ఫొటో తెరిచింది. నీలం గోడ, నారింజ మనిషి. అందరూ మూగారు. "ఫైబర్ తొందరగా వేడిని వదలదండీ. ఎవరైనా కాసేపు ఒళ్లంతా ఆనించి నిలబడి వెళ్లిపోతే, వాళ్ల ఒంటి వేడి అలాగే అచ్చుపడి ఉంటుంది. మెల్లగా చెరిగిపోతుంది. నేను పైన అన్నది గోడ పైన అని. నేను వచ్చేముందే ఎవరో ఈ గోడకి నుదురూ ఛాతీ ఆనించి, రెండు చేతులూ పెట్టి..."

ఆమె మాట ఆగిపోయింది. తెరమీద కుడిచేతిని పెద్దది చేసింది.

నాలుగు వేళ్లు నిండుగా ఉన్నాయి. చిటికెనవేలు సగమే ఉంది.

ఆమె తలెత్తలేదు. ఆవిడ తలెత్తకపోయినా, ఒకరి తర్వాత ఒకరుగా అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. జబ్బు మనుషులకి పెద్దలు చేసే ప్రార్థన ఎలా ఉంటుందో చర్చికి వెళ్లేవాళ్లకి తెలుసు. ఒంటిమీద చేతులుంచి చేస్తారు. రాజరత్నం తన కుడిచేతిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. జేబులో ఫోను మళ్లీ మోగడం మొదలుపెట్టింది. ఎవరో చూడకుండానే తెలుసు. ట్యాంకు పాసైందా అని అడుగుతుంది.

"ట్యాంకులో లోపం లేదండీ," అంది ఆశాజ్యోతి చాలా మెల్లగా. "లోపల మనిషీ లేడు. ఉన్నదల్లా బయట మనిషే."

"ఆ బయట మనిషికి పేరుంటుంది కదా," అన్నాడు ఎస్సై పెన్ను మూత తీస్తూ.

బుల్లిరాజు నేలచూపులు చూశాడు. చిట్టెమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని, గరిటె చంకలో పెట్టుకుని ముందుకొచ్చింది. ఆమెకి తెరమీది వేళ్లతో పనిలేదు, మాటతో పని.

"ఇదే ఫ్యాక్టరీలో, ఇంతమంది ముందూ చెప్తానన్నారు కదా బాబూ. చెప్పండి. ఎవడా సచ్చినోడు?"

ఫోను మోగి మోగి ఆగిపోయింది. రాజరత్నం గొంతు సవరించుకున్నాడు. సంఘం ముందు వాక్యం చదివేటప్పటిలాగే నిటారుగా నిలబడ్డాడు.

"రాజరత్నం," అన్నాడు.

ఎస్సై కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఇంటిపేరుతో సహా చెప్పండి."